తాతల ఊళ్లు, మారిన సరిహద్దులు: ఒక జర్మన్ కుటుంబ వృత్తాంతం

2013లో ఒక పాత ఛాయాచిత్రం జర్మన్, పోలిష్ పత్రికలలో అచ్చయి రెండు దేశాలలోనూ సంచలనం కలిగించింది. సైనిక దుస్తులలో నిలబడిన ఒక యువకుడు, అతని పక్కన ఒక యువతి. ఆ దుస్తులు జర్మన్ సైన్యానివి కావు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్స్ గడ్డ మీద ఏర్పడి, జనరల్ హాలెర్ నాయకత్వంలో పోలండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడిన ‘నీలి సైన్యం’వి. ఆ యువకుని పేరు లుద్విక్ కజ్మియెర్చాక్. అప్పటికి ఎనిమిదేళ్లుగా జర్మనీని పాలిస్తున్న ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్‌కు ఆయన స్వయానా తాత, తండ్రికి తండ్రి.

తాను పావు వంతు పోలిష్ జాతి మనిషినని మెర్కెల్ అంతకు ముందు కూడా కొన్ని సందర్భాలలో చెప్పారు. అయితే పాత్రికేయుడు స్టెఫాన్ కొర్నెలియుస్ రాసిన జీవితచరిత్ర వెలువడిన తర్వాతనే ఆ మాటకు ప్రజల దృష్టిలో ఒక ముఖమూ, ఒక ఊరూ ఏర్పడ్డాయి. జర్మనీకి వ్యతిరేకంగా ఆయుధం పట్టినవాని మనవరాలు జర్మనీకి అధినేత ఎలా అయ్యారన్న ప్రశ్న కొందరిలో కుతూహలాన్ని, కొందరిలో అనుమానాన్ని రేపింది. ఆ ప్రశ్నకు జవాబు ఆ కుటుంబం స్వభావంలో దొరకదు. వారు నివసించిన ఊళ్ల చరిత్రలో దొరుకుతుంది.

మెర్కెల్ పూర్వీకుల ఊళ్లను వరుసగా పేర్కొంటే నాలుగైదు పేర్లు వస్తాయి: పోజెన్, డాన్‌జిగ్, ఎల్బింగ్, బెర్లిన్, హాంబుర్గ్. వీటిలో మొదటి మూడు పేర్లూ నేటి జర్మనీ పటంలో కనిపించవు. పోలండ్ పటంలో కూడా ఆ రూపంలో కనిపించవు. పోజెన్ నేడు పోజ్నాన్, డాన్‌జిగ్ నేడు గ్డాన్‌స్క్, ఎల్బింగ్ నేడు ఎల్బ్లాంగ్. ఊళ్లు ఎక్కడికీ కదలలేదు. వాటి మీదుగా రాజ్యాలు అటూ ఇటూ నడిచాయి.

పోజెన్: పాలన ఒకరిది, ఇంటి భాష మరొకరిది

పోజ్నాన్ పోలిష్ రాజ్యానికి పుట్టినిల్లు వంటి ప్రాంతం. పొరుగు రాజ్యాలు మూడు కలిసి పోలండ్‌ను పంచుకున్నప్పుడు, 1793 నాటి రెండవ విభజనలో ఈ నగరం ప్రష్యా వాటాకు వచ్చింది. నెపోలియన్ కాలంలో కొద్ది ఏళ్లు వార్సా డచీలో ఉండి, 1815లో మళ్లీ ప్రష్యా చేతికి చిక్కింది. 1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడడంతో ఆ నగరంలోని పోలిష్ ప్రజలు తమ ప్రమేయం ఏమీ లేకుండానే జర్మన్ ప్రజలయ్యారు.

ఆ పాలన తటస్థమైనది కాదు. బిస్మార్క్ ప్రభుత్వం 1886లో ఒక ప్రత్యేక కమిషన్‌ను నియమించి, పోలిష్ భూస్వాముల ఎస్టేట్లను కొని జర్మన్ రైతులను అక్కడ స్థిరపరచే పనికి పూనుకున్నది. పాఠశాలల నుంచి పోలిష్ భాష క్రమక్రమంగా తొలగిపోయింది. 1901లో పోజ్నాన్‌కు సమీపంలోని వ్‌జెష్న్యా పట్టణంలో మతబోధ కూడా జర్మన్ భాషలోనే సాగాలన్న ఆదేశాన్ని పిల్లలు ధిక్కరించారు. వారిని ఉపాధ్యాయులు కొట్టారు, నిరసన తెలిపిన పెద్దలు జైలు పాలయ్యారు. లుద్విక్ 1896లో పుట్టాడు. అంటే ఈ సంఘటన జరిగే నాటికి అతడూ బడి ఈడు పిల్లవాడే. తల్లి అన్నా కజ్మియెర్చాక్; తల్లిదండ్రులకు వివాహం కాకపోవడంతో తల్లి ఇంటిపేరే అతనికి వచ్చింది.

1915లో అతన్ని జర్మన్ సైన్యంలోకి తీసుకున్నారు. పశ్చిమ రంగానికి వెళ్లిన ఆ సైనికుడు ఫ్రాన్స్‌లో హాలెర్ సైన్యంలో చేరాడు. ఒకే యుద్ధంలో ఒకే మనిషి రెండు సైన్యాల దుస్తులు ధరించాడు. నేటి జాతీయవాద పదజాలంలో దీన్ని ద్రోహమనో, వీరత్వమనో అనవచ్చు. చూసేవారు ఏ ఒడ్డున నిలబడి ఉన్నారన్నదే ఆ పేరును నిర్ణయిస్తుంది. పోజెన్ పోలిష్ యువకులకు మాత్రం తమను పుట్టుకతో ప్రజలుగా లెక్కించిన రాజ్యం ఒకటి, తమ ఇంట్లో మాట్లాడుకునే భాషకు చెందిన దేశం మరొకటి. రెండవది అప్పటికి పటంలో లేదు.

1918 డిసెంబరు 27న పోజ్నాన్‌లో తిరుగుబాటు మొదలైంది. మరుసటి ఏడాది వెర్సాయ్ ఒప్పందం ఆ ప్రాంతాన్ని పునరుద్ధరించిన పోలండ్‌కు ఇచ్చింది. పోలండ్‌కు వెళ్లిన భూభాగాల నివాసులకు రెండేళ్ల గడువులో ఏ పౌరసత్వమో కోరుకునే హక్కును కూడా అదే ఒప్పందం కల్పించింది. వేలాది కుటుంబాలు వంటింట్లో కూర్చుని తాము ఏ జాతి వారమో తేల్చుకోవలసి వచ్చింది. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు వేర్వేరు నిర్ణయాలు తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి.

విచిత్రమేమంటే, పోలండ్ కోసం పోరాడిన లుద్విక్ పోలండ్‌లో స్థిరపడలేదు. బెర్లిన్‌కు వెళ్లి, ఆ నగరానికి చెందిన మార్గరెటెను వివాహమాడి, అక్కడే పోలీసు ఉద్యోగంలో చేరాడు. 1926లో కుమారుడు హోర్స్ట్ పుట్టాడు. 1930లో ఆ కుటుంబం కజ్మియెర్చాక్ అన్న ఇంటిపేరును విడిచి కాస్నర్ అన్న జర్మన్ ఇంటిపేరును స్వీకరించింది. ఇంటిపేరులోనే ఊరిపేరును మోసే తెలుగు సమాజానికి ఈ మార్పు బరువు విడమరచి చెప్పనక్కరలేదు. నాలుగేళ్ల పిల్లవాడు ఒక రోజు ఒక పేరుతో పడుకుని మరునాడు మరో పేరుతో లేచాడు. ఆ పిల్లవాడే పెరిగి పెద్దయి లూథరన్ పాస్టరు అయ్యాడు. ఆయన కుమార్తె ఏంజెలా.

డాన్‌జిగ్, ఎల్బింగ్: సముద్రం ఒడ్డున మరో వంశం

తల్లి వైపు కథ బాల్టిక్ సముద్ర తీరానిది. మెర్కెల్ తల్లి హెర్లిండ్ యెంచ్ 1928లో డాన్‌జిగ్‌లో జన్మించారు. హెర్లిండ్ తండ్రి విల్లీ యెంచ్ ఆ నగర రాజకీయాలలో ఉన్నవాడు. తల్లి తండ్రి ఎమిల్ డ్రాంగె సమీపంలోని ఎల్బింగ్ పట్టణంలో నగరపాలక సంస్థ గుమాస్తా.

1928లో డాన్‌జిగ్ జర్మనీలో లేదు, పోలండ్‌లోనూ లేదు. ఓడరేవు లేకుండా పోలండ్ బతకదు. జర్మన్ భాషీయులు అత్యధిక సంఖ్యలో ఉన్న నగరాన్ని పోలండ్‌కు ఇవ్వడం స్వయంనిర్ణయ సూత్రానికి విరుద్ధం. ఈ చిక్కుముడికి వెర్సాయ్ పెద్దలు కనిపెట్టిన మధ్యేమార్గం ‘స్వేచ్ఛా నగరం’. 1920 నుంచి డాన్‌జిగ్ నానాజాతి సమితి రక్షణలో ఉన్న ప్రత్యేక రాజ్యం. దానికి సొంత శాసనసభ, సొంత తపాలా బిళ్లలు, 1923 నుంచి గుల్డెన్ అన్న సొంత నాణెం, సొంత పౌరసత్వం ఉండేవి. ఆ చిన్న రాజ్యంలో జనాభా సుమారు నాలుగు లక్షలు. అక్కడి పౌరుల చేతిలోని పాస్‌పోర్టు నేడు ఉనికిలో లేని దేశానిది. నవలాకారుడు గుంటర్ గ్రాస్ పుట్టింది కూడా ఆ నగరంలోనే, హెర్లిండ్ కంటే ఒక్క ఏడాది ముందు.

1933 ఎన్నికలలో నాజీ పార్టీ ఆ నగర శాసనసభలో ఆధిక్యం సంపాదించింది. భర్త మరణానంతరం హెర్లిండ్ తల్లి పిల్లలతో కలిసి యుద్ధానికి ముందే హాంబుర్గ్ చేరుకున్నారు. తర్వాత కొన్నేళ్లకే, 1939 సెప్టెంబరు 1 తెల్లవారుజామున డాన్‌జిగ్ రేవులోని వెస్టర్‌ప్లాటె మీద జర్మన్ యుద్ధనౌక పేల్చిన ఫిరంగులతో రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. జర్మనీ డాన్‌జిగ్‌ను, పోజెన్‌ను తనలో కలుపుకున్నది. పోజెన్ ప్రాంతం నుంచి పోలిష్ కుటుంబాలను లక్షల సంఖ్యలో ఇళ్ల నుంచి గెంటివేసి, ఆ ఇళ్లలో జర్మన్ మూలాలవారిని దింపింది. 1945 వృత్తాంతాన్ని చెప్పేవారు ఈ 1939 అధ్యాయాన్ని దాటవేయడం తరచుగా జరిగే పని. అది లేకుండా తర్వాతి కథ అర్థం కాదు.

1945 ఫిబ్రవరిలో ఎల్బింగ్, మార్చి చివరిలో డాన్‌జిగ్ సోవియట్ సేనల వశమయ్యాయి. రెండు నగరాల పాత పేటలూ శిథిలాల కుప్పలయ్యాయి. ఆ వేసవిలో పోట్స్‌డామ్ సమావేశంలో విజేతలు ఓడర్, నైసె నదులకు తూర్పున ఉన్న జర్మన్ భూములను పోలండ్ పాలన కింద ఉంచారు. తూర్పు ప్రష్యా ఉత్తర భాగం సోవియట్ యూనియన్‌కు వెళ్లింది. 1937 నాటి జర్మనీ భూభాగంలో ఇది దాదాపు నాలుగో వంతు. అక్కడి జర్మన్ ప్రజల తరలింపు క్రమబద్ధంగా, మానవీయంగా జరగాలని ఆ ఒప్పందం పేర్కొన్నది. ఆచరణలో ఆ రెండు విశేషణాలకూ విలువ దక్కలేదు. తూర్పు, మధ్య ఐరోపా దేశాల నుంచి పారిపోయినవారు, వెళ్లగొట్టబడినవారు మొత్తం సుమారు 1.2 కోట్ల మంది. దారిలో మరణించినవారి సంఖ్య గురించి చరిత్రకారుల మధ్య వివాదం నేటికీ తెగలేదు. అంచనాలు ఐదారు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా ఉన్నాయి.

ఖాళీ అయిన ఇళ్లలోకి వచ్చినవారు కూడా సంతోషంగా వచ్చినవారు కారు. పోలండ్ తూర్పు భూములను సోవియట్ యూనియన్ తీసుకోవడంతో ల్వూఫ్, విల్నో ప్రాంతాల పోలిష్ ప్రజలు తమ ఊళ్లు వదలవలసి వచ్చింది. విల్నో వాళ్లు ఎందరో గ్డాన్‌స్క్ చేరారు. ల్వూఫ్ వాళ్లు బ్రెస్లావ్ నుంచి వ్రొత్స్వాఫ్‌గా మారిన నగరానికి చేరారు. 1947లో పోలండ్ ప్రభుత్వం ఆగ్నేయ ప్రాంతం నుంచి సుమారు 1,40,000 మంది ఉక్రేనియన్ మూలాలవారిని బలవంతంగా తరలించి ఉత్తర, పశ్చిమ జిల్లాలలో చెల్లాచెదురుగా స్థిరపరచింది. ఎల్బ్లాంగ్ పరిసరాలకూ వారు చేరారు. ఒక జర్మన్ కుటుంబం తాతల ఇంటిని వెతుక్కుంటూ నేడు అక్కడికి వెళితే, తలుపు తీసే మనిషి కూడా తన తాతల ఇంటిని మరెక్కడో పోగొట్టుకున్నవాడే అయి ఉండవచ్చు.

కాగితాల జాడ

ఇలాంటి ఊళ్లలో పూర్వీకుల జాడ తీయడం ఎలా? మొదటి ఆటంకం ఊరిపేరే. కుటుంబంలో నోటి మాటగా వచ్చిన జర్మన్ పేరుకు నేటి పోలిష్ పేరు ఏదో ముందుగా తేల్చుకోవాలి. నోయిడోర్ఫ్ అంటే కొత్తూరు. అటువంటి పేరున్న ఊళ్లు పాత ప్రష్యాలో అనేకం. మన ప్రాంతంలో కొత్తపల్లి అని మాత్రం చెప్పి, జిల్లా, తాలూకా చెప్పకుండా ఊరు వెతకమన్నట్టే. అందుకే పరిశోధకులు మొదట 1912–13 ప్రాంతంలో వెలువడిన మేయర్స్ స్థలనామ నిఘంటువును ఆశ్రయిస్తారు. ఏ ఊరు ఏ జిల్లాలోదో, జనన మరణాలు నమోదు చేసే కార్యాలయం ఎక్కడ ఉండేదో, చర్చి ఏ శాఖకు చెందినదో అందులో ఉంటుంది.

ప్రష్యాలో ప్రభుత్వం జనన, వివాహ, మరణాలను నమోదు చేయడం 1874 అక్టోబరు 1న మొదలైంది. అంతకు ముందరి వివరాలకు చర్చి రిజిస్టర్లే ఆధారం. కాథలిక్ చర్చి పుస్తకాలు ఎక్కువగా లాటిన్‌లో, ప్రొటెస్టంట్ చర్చి పుస్తకాలు జర్మన్‌లో, అది కూడా నేటి జర్మన్లు సైతం సులభంగా చదవలేని పాత గొలుసుకట్టు రాతలో ఉంటాయి. లుద్విక్ అన్న పేరు ప్రభుత్వ రిజిస్టరులో లుడ్విగ్ అయిపోవచ్చు. ఇంటిపేరు అక్షరక్రమం గుమాస్తా చెవిని బట్టి మారుతుంది.

ఆ రిజిస్టర్లు కూడా మనుషుల వలెనే చెల్లాచెదురయ్యాయి. కొన్ని తగలబడ్డాయి. కొన్నింటిని పారిపోతున్న గుమాస్తాలు, పాస్టర్లు బళ్ల మీద పడమటికి చేర్చారు. అలా మిగిలిన పౌర రిజిస్టర్లలో కొంత భాగం బెర్లిన్‌లోని ఒకటవ నంబరు నమోదు కార్యాలయంలో ఉంది. ఎక్కువ భాగం ఉన్నచోటనే ఉండిపోయి పోలండ్ ప్రభుత్వ భాండాగారాలకు చేరింది. విశేషమేమంటే, ఒకప్పుడు తమను అణచిన రాజ్యపు రికార్డులను పోలిష్ భాండాగారాలు భద్రపరచి, లక్షలాది పుటలను ఛాయాచిత్రాలుగా తీసి అంతర్జాలంలో ఉచితంగా ఉంచాయి. ఒక జర్మన్ మనవడికి తన ముత్తాత పెళ్లి నమోదును నేడు చూపిస్తున్నది పోలిష్ ప్రజల పన్ను డబ్బు.

ఈ కాగితాలకు మరొక చరిత్ర కూడా ఉంది. పూర్వీకుల వివరాలు వెతకడం జర్మనీలో ఎప్పుడూ అమాయకమైన కాలక్షేపం కాదు. 1933 ఏప్రిల్‌లో నాజీ ప్రభుత్వం తెచ్చిన ఉద్యోగుల చట్టం ప్రభుత్వోద్యోగి తాతలు, అవ్వలలో యూదులు ఎవరూ లేరని రుజువు అడిగింది. 1935 న్యూరెంబర్గ్ చట్టాలతో అది పౌరసత్వానికే గీటురాయి అయింది. దేశమంతటా ప్రజలు చర్చి గుమ్మాల ముందు బారులు తీరారు. బాప్తిస్మ పత్రం నకలు కోసం రాసిన ఉత్తరాలు పాస్టర్ల బల్లల మీద గుట్టలు పడ్డాయి. వంశవృక్షం నింపే చిన్న పుస్తకాలు అంగళ్లలో అమ్ముడయ్యాయి. నేడు మనవలు ప్రేమతో తిరగేస్తున్న అదే రిజిస్టరు, ఒక తరం ముందు ఎవరు ఉండాలో ఎవరు పోవాలో నిర్ణయించిన దస్తావేజు.

రెండు వైపులా తాతలే

తాతల చరిత్రను ఎన్నికల ఆయుధంగా వాడడం జర్మనీకే పరిమితం కాలేదు. 2005లో పోలండ్ అధ్యక్ష పదవికి పోటీ చేసిన డోనాల్డ్ టుస్క్ గ్డాన్‌స్క్‌లో పుట్టినవాడు, కషూబియన్ అన్న అల్పసంఖ్యాక జాతికి చెందినవాడు. ఆయన తాత యూజెఫ్ హిట్లర్ సైన్యంలో స్వచ్ఛందంగా చేరాడని ప్రత్యర్థి శిబిరంలోని యాత్సెక్ కుర్‌స్కీ ప్రచారం చేశాడు. వాస్తవం వేరు. యుద్ధం మొదలైన రోజునే ఆ తాతను నాజీలు నిర్బంధించారు. ఆయన నిర్బంధ శిబిరాలలో మగ్గారు. 1944లో బలవంతంగా జర్మన్ సైన్యంలోకి లాగబడ్డారు. తర్వాత పశ్చిమాన ఉన్న పోలిష్ సేనలలో చేరారు. ఆరోపణ చేసిన వ్యక్తిని పార్టీ అప్పటికి బహిష్కరించినా తర్వాత మళ్లీ చేరదీసింది. ఆ ఎన్నికలో టుస్క్ ఓడిపోయారు.

తర్వాతి కాలంలో టుస్క్ పోలండ్ ప్రధాని అయ్యారు, మెర్కెల్ జర్మనీ ఛాన్సలర్. జర్మన్ ఛాన్సలర్ తాత పోలిష్ సైన్యంలో సైనికుడు. పోలిష్ ప్రధాని తాత జర్మన్ సైన్యంలో సైనికుడు. సరిహద్దు ప్రాంతాలలో రక్తాన్ని బట్టి విధేయతను కొలవడం ఎంత నిరర్థకమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

మరొక కుటుంబం కథ ఇంకా చేదైనది. 2004 నుంచి 2010 దాకా జర్మనీ అధ్యక్షుడిగా ఉన్న హోర్స్ట్ కోలర్ తల్లిదండ్రులు బెస్సరేబియాలోని జర్మన్ రైతులు. ఆ ప్రాంతం నేడు మోల్డోవా, ఉక్రెయిన్ దేశాల మధ్య పంపకమై ఉంది. 1940లో స్టాలిన్ దాన్ని ఆక్రమించగా, హిట్లర్‌తో కుదిరిన ఏర్పాటు ప్రకారం సుమారు 93,000 మంది జర్మన్ మూలాలవారిని అక్కడి నుంచి తరలించారు. కోలర్ కుటుంబాన్ని ఆక్రమిత పోలండ్‌లో జమోష్చ్ ప్రాంతపు స్కియెర్బియెషూఫ్ గ్రామంలో దింపారు. ఆ గ్రామపు పోలిష్ రైతులను 1942 నవంబరులో నాజీలు వెళ్లగొట్టారు. 1943 ఫిబ్రవరిలో కోలర్ పుట్టింది ఆ గ్రామంలోనే. 1944లో కుటుంబం మళ్లీ పారిపోయి లైప్‌జిగ్ దగ్గరకు, 1953లో తూర్పు జర్మనీ నుంచి పడమటికి చేరింది. 1957 దాకా శరణార్థి శిబిరాలే వారికి గతి. ఒకే కుటుంబం నిర్వాసితులది, అదే కుటుంబం మరొకరి నిర్వాసనకు లబ్ధిదారు. జాబితాలు రాసే రాజ్యం ఈ రెండు పాత్రలనూ ఒకే మనిషికి అంటగట్టగలదు.

వదులుకోవడం అన్న రాజకీయం

పశ్చిమ జర్మనీలో సుమారు 80 లక్షల మంది నిర్వాసితులు చేరారు. 1950 ఆగస్టులో స్టుట్‌గార్ట్‌లో వారి సంఘాలు ప్రతీకారాన్ని త్యజిస్తున్నట్లు ఒక ప్రకటన చేశాయి. అదే ప్రకటనలో పుట్టినగడ్డ మీద హక్కును కూడా కోరాయి. 1952లో ప్రభుత్వం ‘భారాల పంపకం’ చట్టం చేసి, ఆస్తులు మిగిలినవారి నుంచి పన్ను వసూలు చేసి పోగొట్టుకున్నవారికి పరిహారం ఇచ్చింది. తూర్పు జర్మనీలో మాత్రం ‘నిర్వాసితులు’ అన్న మాటకే చోటు లేదు. 1950లోనే ఆ ప్రభుత్వం పోలండ్‌తో సరిహద్దును అంగీకరించింది. అక్కడ స్థిరపడిన 40 లక్షల మంది తమ ఊళ్లను తలచుకోవడం ఇంటి నాలుగు గోడల మధ్య జరగవలసిన పని.

మెర్కెల్ పెరిగింది ఆ తూర్పు భాగంలోనే. ఆమె 1954లో హాంబుర్గ్‌లో పుట్టారు. కొన్ని వారాలకే కుటుంబం తూర్పు జర్మనీకి మారింది, తండ్రికి అక్కడ చర్చి బాధ్యత అప్పగించడమే కారణం. లక్షలాది మంది పడమటికి పోతున్న కాలంలో ఆ కుటుంబం తూర్పుకు వెళ్లింది. 1961లో బెర్లిన్ గోడ లేవడంతో తల్లి వైపు బంధువులున్న హాంబుర్గ్ కూడా సరిహద్దు అవతలి ఊరే అయింది. ఒక కుటుంబం మూడు తరాలలో నాలుగో ఊరు కూడా అందకుండా పోయింది.

1970 డిసెంబరులో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సా ఒప్పందం మీద సంతకం చేసి ఓడర్–నైసె రేఖను అంగీకరించారు. స్వదేశంలో ఆయన్ను దేశద్రోహి అన్నవారు ఉన్నారు. 1989లో గోడ కూలిన తర్వాత హెల్ముట్ కోల్ ఆ సరిహద్దును తుదిగా ఒప్పుకోవడంలో కొన్ని నెలలు నాన్చారు. నిర్వాసితుల ఓట్లు ఆయన పార్టీకి బలం. చివరికి 1990 నవంబరు 14న సరిహద్దు ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది అది పార్లమెంటుకు వచ్చినప్పుడు వ్యతిరేకంగా ఓటు వేసినవారిలో ఎరికా స్టైన్‌బాఖ్ ఒకరు. 1998 నుంచి 2014 దాకా నిర్వాసితుల సమాఖ్యకు ఆమె అధ్యక్షురాలు. ఆమె పుట్టింది ఆక్రమిత పోలండ్‌లో, జర్మన్ వైమానిక దళ ఉద్యోగి ఇంట. తరతరాల పుట్టినగడ్డ అని చెప్పుకోవడానికి వీలులేని చోటు అది.

నిర్వాసితుల జ్ఞాపకానికి బెర్లిన్‌లో ఒక కేంద్రం కావాలన్న ఆమె కోరిక మీద పోలండ్‌తో ఏళ్ల తరబడి వివాదం నడిచింది. మెర్కెల్ ప్రభుత్వం 2008లో ఆ పనిని ఒక ప్రభుత్వ సంస్థకు అప్పగించింది. 2021 జూన్‌లో ఆ కేంద్రం తెరుచుకుంది. అక్కడ జర్మన్ల వేదనతో పాటు దానికి కారణమైన నాజీ దురాక్రమణా, ఇతర జాతుల నిర్వాసనా కూడా చోటు చేసుకున్నాయి. ఈ మధ్యలో, 2015లో, సుమారు 8.9 లక్షల మంది శరణార్థులు జర్మనీకి వచ్చారు. మెర్కెల్ ద్వారం మూయలేదు. నిర్వాసితుల నాయకురాలు స్టైన్‌బాఖ్ ఆ విధానాన్ని నిరసిస్తూ 2017లో పార్టీని వీడి, తర్వాత తీవ్ర జాతీయవాద పక్షంలో చేరారు. ఊరు పోయిన బాధ ఇద్దరి చరిత్రలోనూ ఉంది. దాని నుంచి తీసిన పాఠాలే వేరు.

మన వైపు చూసినప్పుడు

దక్షిణాసియా పాఠకులకు ఈ కథ పరాయిది కాదు. 1947 ఆగస్టు 17న రాడ్‌క్లిఫ్ రేఖ ప్రకటితమయ్యే నాటికే లక్షల కుటుంబాలు దారిలో ఉన్నాయి. లాల్ కృష్ణ అద్వానీ పుట్టింది కరాచీలో. పర్వేజ్ ముషారఫ్ పుట్టింది ఢిల్లీలో. మన్మోహన్ సింగ్ పేరు పాకిస్తాన్ పంజాబ్‌లోని గాహ్ గ్రామ పాఠశాల రిజిస్టరులో ఉంది. పదేళ్లు ప్రధానిగా ఉన్న మనిషి ఆ గ్రామానికి వెళ్లకుండానే కన్నుమూశారు. 2015లో భారత్, బంగ్లాదేశ్‌లు పరస్పర భూభాగాలలో చిక్కుకున్న 162 చిట్‌మహళ్లను మార్చుకున్నాయి. అక్కడివారికీ పోజెన్ ప్రజల వలెనే పౌరసత్వం ఎంచుకునే అవకాశం వచ్చింది. ఎక్కువ మంది ఊరినే ఎంచుకున్నారు. దేశం మారినా ఇల్లు మారకుంటే చాలునన్నారు.

కాగితాల పాఠం మరీ దగ్గరిది. 2019 ఆగస్టు 31న వెలువడిన అస్సాం పౌర పట్టిక 19 లక్షలకు పైగా మందిని వెలుపల ఉంచింది. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందు తాతో తండ్రో ఇక్కడ ఉన్నట్లు చూపే కాగితం అడిగింది. నది కోతకు ఊరే కొట్టుకుపోయిన చోట, గుమాస్తా రాసిన పేరులో ఒక అక్షరం తేడా వచ్చిన చోట ఆ రుజువు ఎంత కష్టమో ఆ ప్రజలకు తెలుసు. జర్మనీ 1933లో చేసినదీ అస్సాంలో జరిగినదీ ఒకటి కావు. ఉద్దేశాలూ వేరు, పర్యవసానాలూ వేరు. అయినా తాత పుట్టుక మీద మనవడి హక్కు ఆధారపడే ఏర్పాటు ఎక్కడ ఉన్నా, రిజిస్టరు నిర్వహించేవాని చేతికి అది ఇచ్చే అధికారం ఒకే స్వభావం గలది.

రెండు ఖండాల కథలలో తేడా ఒకటి ఉంది. 2007 డిసెంబరులో పోలండ్ షెంజెన్ ఒప్పందంలో చేరడంతో ఓడర్ నది మీద తనిఖీల అడ్డుగోడ తొలగింది. గీత అక్కడే ఉంది. దాని మొన మొద్దుబారింది. ఆ గీతను ఎవరూ మళ్లీ గీయబోరన్న నమ్మకం కలిగిన తర్వాతనే అది సాధ్యమైంది. భూమి మీద హక్కును వదులుకున్న వారికి ఊరి మీద జ్ఞాపకం తిరిగి దక్కింది. వాఘా దగ్గర గీతను ప్రతి సాయంత్రం బూటు కాళ్లతో నొక్కి మరీ గుర్తుచేస్తున్నారు.

గ్డాన్‌స్క్‌లో 2002లో ఒక చిన్న స్మారకం వెలిసింది. దాని పేరు ‘లేని శ్మశానాల శ్మశానం’. యుద్ధానంతరం చదును చేసిన జర్మన్, యూదు, ఇతర శ్మశానాల నుంచి మిగిలిన సమాధి రాళ్లను అక్కడ చేర్చారు. ప్రొటెస్టంటు, కాథలిక్, యూదు అన్న తేడా లేకుండా అవి ఒకే చోట ఉన్నాయి. తాతల సమాధి ఎక్కడో తెలియని జర్మన్ మనవలు అక్కడ ఒక పువ్వు ఉంచి వెళుతుంటారు. ఆ స్థలాన్ని ఊడ్చి శుభ్రంగా ఉంచేది ఆ నగరం, నేటి పోలిష్ నగరం.